తమ్ముడు చెప్పకుండా వెళ్లినవి

తమ్ముడి సంవత్సరీకాలు అయిపోయాయి. భోజనాల దగ్గర చుట్టాలు మళ్లీ అదే మాట అన్నారు: "ఎంత కష్టజీవి! రెక్కలు ముక్కలు చేసుకున్నాడు." ఏళ్ల తరబడి నేనూ అన్న మాటే అది. ఈసారి మాత్రం తల ఊపలేకపోయాను.

నా తమ్ముడు విజయవాడ ఆటోనగర్లో లారీ మెకానిక్కు. పదో తరగతి తప్పి, పదిహేనో ఏట గ్రీజు పూసే కుర్రాడిగా ఒకరి షెడ్డులో చేరాడు. యాభై మూడో ఏట ఒక ధనుర్మాసపు పొద్దున, ఎవరికీ ఏమీ చెప్పకుండా వెళ్లిపోయాడు. అప్పటికి వాడికి అద్దె స్థలంలో సొంత షెడ్డు, దాని పక్కనే చిన్న స్పేర్ పార్టుల కొట్టు, కానూరులో రెండు గదుల ఇల్లు, ఇంజినీరింగు చదివే కొడుకు, డిగ్రీలో చేరిన కూతురు ఉన్నారు. నేను బ్యాంకులో గుమస్తాగా చేరి మేనేజరుగా రిటైరైనవాణ్ణి. చనిపోయినవాళ్ల ఖాతాల క్లెయిములు లెక్కలేనన్ని చూశాను. కౌంటరుకు ఇవతలి పక్క నిలబడటం ఎలా ఉంటుందో మాత్రం తమ్ముడు పోయాకే తెలిసింది.

మా ఇంటి పిల్లలూ, షెడ్డు కుర్రాళ్లూ, వాళ్లలాంటి మరికొందరూ చదువుతారని ఇవి రాస్తున్నాను. గుర్తొచ్చిన వరసలోనే రాశాను.

1. కష్టపడేవాణ్ణి పొగడటం తేలిక, ఆపడమే కష్టం.

మా వైపు ఇళ్లలో మగవాడికి ఇచ్చే పెద్ద బిరుదు కష్టజీవి. తమ్ముడికి అది పాతికేళ్లకే వచ్చేసింది. పొద్దున ఆరింటికల్లా షెడ్డు తాళం తీసేవాడు. రాత్రి పది దాటినా ఏదో ఒక లారీ కింద బల్బు వెలుగుతూనే ఉండేది. నందిగామ దగ్గర యాక్సిల్ విరిగిందని అర్ధరాత్రి ఫోనొస్తే సామాను సంచీ బండికి తగిలించుకుని బయల్దేరేవాడు. పెళ్లిళ్లకు ఆలస్యంగా వచ్చి, నాలుగు మెతుకులు తిని, అక్షింతలు వేసి వెళ్లిపోయేవాడు. "పాపం, వాడికి తీరికేదీ" అని వాడి తరఫున సంజాయిషీ మేమే ఇచ్చుకునేవాళ్లం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద తీశాక మునిగిన బళ్లన్నీ మెకానిక్కుల దగ్గరికి వరస కట్టాయి. ఇంజనులోకి నీళ్లు పోయిన బండిని తొందరపడి స్టార్టు చేస్తే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నాజిళ్లు విప్పి నీళ్లు బయటికి కొట్టించాలి, ఆయిలు మొత్తం దించాలి, ఫిల్టర్లు మార్చాలి. ఓపిక కావలసిన పని. ఆ రోజుల్లో వాడు ఇంటికి పడుకోవడానికి మాత్రమే వచ్చేవాడని మరదలు చెప్పింది. వరదలో పోగొట్టుకున్నవాళ్లలో చాలామంది చేతిలో డబ్బుల్లేవు, వాడు అడగనూ లేదు. నేను ఫోను చేసినప్పుడల్లా "ఇలాంటప్పుడే నాలుగు రాళ్లు వెనకేసుకోవాలిరా" అనేవాణ్ణి. "సరే అన్నయ్యా" అనేవాడు. షెడ్డు మూసి ఇంటికి రమ్మని గట్టిగా అడిగింది ఇంటిల్లిపాదిలో కూతురొక్కతే. చిన్నపిల్ల మాట కదా అని వాడు నవ్వేవాడు. మేమూ నవ్వేవాళ్లం.

2. గ్యాస్ అన్న మాట నమ్మి చాలా ఇళ్లు మునిగాయి.

తమ్ముడికి పదేళ్లుగా షుగరు. షుగరు పాతబడితే నరాలు మొద్దుబారతాయి. గుండెకు రక్తం అందనప్పుడు రావలసిన నొప్పి కూడా అలాగే మొద్దుబారుతుంది. కొందరికి ఛాతీలో నొప్పే ఉండదు. ఆయాసం, చెమట, వికారం, దవడ లాగడం, వీపు మధ్య బరువు, ఇలాంటివేవో కనిపిస్తాయి. ఇది నాకు ఎవరూ చెప్పలేదని అనను. మా బ్యాంకులో పెట్టిన వైద్య శిబిరంలో ఒక డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పారు. విన్నాను, టీ తాగాను, సీటుకు వెళ్లిపోయాను.

వరదొచ్చిన ఆ ఏడాదే దసరాకు ఇంద్రకీలాద్రి మెట్లెక్కుతూ తమ్ముడు రెండుచోట్ల ఆగాడు. కింద కృష్ణను చూస్తున్నవాడిలా రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. "ఏరా, బరువెక్కావా?" అన్నాను వెనక నుంచి. "పొట్ట పెరిగింది అన్నయ్యా" అన్నాడు. అదే షెడ్డులో అయితే వాడి తీరు వేరు. ఎత్తు మీద బండి లాగడం లేదని ఏ ఓనరైనా అంటే, లోడు సంగతి తర్వాత, ముందు బండి ఇక్కడ పెట్టమని కసిరేవాడు. కమాన్ కట్టలో ఒక్క పట్టీ చిట్లినా లారీని గేటు దాటనిచ్చేవాడు కాదు. లారీకి ఇచ్చిన ఆ పాటి మర్యాద తన ఒంటికి ఇవ్వలేదు. మెట్లెక్కితే వచ్చి, నిలబడితే పోయే ఆయాసం గుండె రక్తనాళాలు ఇరుకయ్యాయనడానికి గుర్తు కావచ్చు. అప్పుడే చూపించుకుంటే ట్రెడ్‌మిల్ పరీక్షో, ఎకోనో చేసి ఏదో ఒకటి తేల్చేవారు. మాకు ఆ గుర్తు మూడు నెలల ముందే కనబడింది. నేను కళ్లారా చూశాను కూడా.

పోయిన రోజు పొద్దున ఇంట్లోనే ఛాతీలో మంటగా ఉందన్నాడట. రాత్రి తిన్న బిర్యానీ మీదికి నెట్టి, గ్యాస్ మాత్ర వేసుకుని షెడ్డుకు వెళ్లాడు. అక్కడ చెమటలు పడుతుంటే కుర్రాళ్లు సోడా తెచ్చి ఇచ్చారు. త్రేన్పు వచ్చింది, తగ్గిందన్నాడు. జనవరి చలిలో చొక్కా పిండుకునేంత చెమట ఎందుకు పడుతోందని ఒక్కరికీ తోచలేదు. అలా గంటకు పైనే పోయింది. చివరికి ఒక కుర్రాడు ఆటో కోసం పరుగెత్తాడు. 108 ఎవరికీ గుర్తు రాలేదు.

మన రాష్ట్రంలో 108 అంబులెన్సులు 2005లోనే వచ్చాయి. అందులో ఆక్సిజనూ, శిక్షణ ఉన్న మనిషీ ఉంటారు, ఆటోలో ఉండరు. గుండె నొప్పితో వచ్చినవాళ్లకు పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది వైద్యులు పెట్టుకున్న నియమం. నాళంలో అడ్డుపడ్డ గడ్డను కరిగించే ఇంజక్షను మొదటి గంటల్లోనే బాగా పనిచేస్తుంది, పన్నెండు గంటలు దాటితే దానివల్ల ఒరిగేది తక్కువ. అందుకని ఈసీజీ తీయించి, డాక్టరు చెప్పిన తర్వాతే గ్యాస్ అనే మాట నోట్లోంచి రానివ్వండి. మొదటి ఈసీజీ బాగుందన్నా, కాసేపు ఉండి మళ్లీ తీయించుకోమంటే ఉండండి. తీరా అది గ్యాసే అయితే నలుగురూ నవ్వుతారు. నవ్వనివ్వండి.

3. కుప్పకూలిన మనిషికి కావలసింది నీళ్లు కాదు, చేతులు.

ఆటో ఎక్కించబోతుండగా వాడు పడిపోయాడు. ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని వదిలేసింది. ఫిట్స్ అనుకున్నారు. ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మనవాళ్ల నమ్మకం. ఆటోనగర్లో ఇనుముకు కొదవా? ఎవరో ఒక స్పానరు తెచ్చి గుప్పిట్లో పెట్టారు. దాదాపు నలభై ఏళ్లుగా ఆ చేతిలో ఉన్న వస్తువే. ఇంకొకరు మొహాన నీళ్లు కొట్టారు.

ఆ కుర్రాళ్లను నేనేమీ అనను. వాడంటే వాళ్లకు ప్రాణం, తెలిసింది చేశారు. గుండె ఆగినప్పుడు కూడా క్షణకాలం ఒళ్లు అలా బిగుసుకోవచ్చని తర్వాత తెలుసుకున్నాను. తట్టి పిలిస్తే పలక్కపోయినా, ఊపిరి లేకపోయినా, ఎగశ్వాస మాత్రమే ఉన్నా ఇక ఆలోచించకూడదు. ఒకరు 108కి ఫోను చేయాలి. ఇంకొకరు మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, ఛాతీ ఎముక కింది సగం మీద రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి ఆనించి, మోచేతులు వంగకుండా గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ రెండు అంగుళాలు దిగేలా. ఒకరు అలసిపోతే మరొకరు అందుకోవాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. తమ్ముడు బతికేవాడని నేను చెప్పను. అవకాశం ఉండేదని మాత్రం చెప్పగలను. ఎండాకాలంలో ఒక డాక్టరుగారిని బతిమాలి, ఛాతీ నొక్కి నేర్చుకునే బొమ్మతో సహా షెడ్డున్న వీధికి తీసుకెళ్లాను. జాకీ కొట్టే చేతులు కదా, కుర్రాళ్లు ఇట్టే నేర్చుకున్నారు.

4. ఇంటి లెక్క ఒక్కరి తలలో ఉండకూడదు.

తమ్ముడి చొక్కా జేబులో ఎప్పుడూ ఒక చిన్న నోటుబుక్కు ఉండేది. ఆసుపత్రిలో వాచీతో పాటు దాన్ని నా చేతికిచ్చారు. తిరగేస్తే ఏముంది? "గన్నవరం పచ్చబండి 6." "నూజివీడు మామిడికాయలాయన 14 లో 5." "పెద్దాయన టైర్లు, పాతది." ఆరంటే ఆరు వేలా, ఆరు వందలా? పద్నాలుగులో అయిదు వచ్చిందా, రావాలా? ఎవరీ పెద్దాయన? చీటీలు రెండు కడుతున్నాడని మరదలికి తెలుసు. ఎవరి దగ్గర కడుతున్నాడో, పాడేశాడో లేదో తెలియదు. షెడ్డు స్థలానికి ఇచ్చిన అడ్వాన్సు నోటిమాట మీద ఇచ్చాడు. ఫోను తెరుద్దామంటే దాని తాళం వాడి వేలికే తెలుసు.

మామిడికాయలాయన తనే వెతుక్కుంటూ వచ్చి, తొమ్మిది వేలు లెక్కపెట్టి మరదలి ముందు పెట్టి, నీళ్లయినా తాగకుండా వెళ్లాడు. గన్నవరం పచ్చబండి ఎవరిదో ఈ రోజుకీ తెలియదు.

వాడిది దాపరికం కాదు. "ఆడవాళ్లకీ పిల్లలకీ ఈ గోలెందుకు అన్నయ్యా" అని ఒకసారి నాతోనే అన్నాడు. ఇంటికి వెళ్లేటప్పుడు చేతులు కిరోసినుతో కడుక్కున్నట్టే, షెడ్డు గొడవలన్నీ అక్కడే కడిగేసుకుని వెళ్లేవాడు. ప్రేమ వల్లే చేశాడు, కాదనను. ఆ ప్రేమే వాళ్లను చీకట్లో వదిలేసింది. ఒక్క కాగితం చాలు. మనకు ఎవరు ఇవ్వాలి, మనం ఎవరికివ్వాలి, ఖాతాలు ఎక్కడున్నాయి, చీటీలు ఎవరి దగ్గర, బీమా కాగితాలు ఏ బీరువాలో. ఉగాదికోసారి దాన్ని తిరగరాసి, ఇంట్లో ఇంకొకరికి చదివి వినిపించండి. రాసి దాచుకుంటే సరిపోదు, వినిపించాలి.

5. 436 రూపాయలు చిన్న మొత్తం కాదు.

2015లో ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా వచ్చినప్పుడు మా బ్రాంచికి వచ్చిన ప్రతివాడి చేతా ఫారం నింపించాను. తమ్ముడి చేత కూడా. అప్పట్లో ఏడాదికి 330 రూపాయలు, 2022 జూన్ నుంచి 436. ఏ కారణం వల్ల పోయినా ఇంటికి రెండు లక్షలు వస్తాయి. యాభై ఏళ్ల లోపు చేరితే, ఏటా కట్టుకుంటూ యాభై అయిదు దాకా కొనసాగించుకోవచ్చు. ఏటా మే నెలాఖరుకు సేవింగ్సు ఖాతాలోంచి డబ్బు దానంతటదే కోతపడుతుంది. అయితే అందులో డబ్బుండాలి.

తమ్ముడి వ్యవహారమంతా కరెంటు ఖాతాలో నడిచేది. సేవింగ్సు ఖాతాను వాడు పట్టించుకోవడం మానేశాడు. ఒక ఏడు మే నెలాఖరున అందులో మూడు వందల చిల్లర మాత్రమే ఉంది. ప్రమాద బీమాకు 20 రూపాయలు కోతపడింది, జీవన్ జ్యోతికి 436 పడలేదు. ఫోనుకు మెసేజ్ వచ్చే ఉంటుంది. గ్రీజు చేతులతో మెసేజీలు ఎవరు చూస్తారు? అప్పటికి వాడికి యాభై దాటింది, కొత్తగా చేరే వీలు కూడా లేదు. "షెడ్డులో పనిమీద ఉండగా పోయాడు కదా, ప్రమాదం కిందికే వస్తుంది" అని ఒక చుట్టం వాదించాడు. గుండెపోటు ఆ బీమా లెక్కలో ప్రమాదం కాదు. నెలకు నలభై రూపాయలైనా కాని సొమ్ము దగ్గర రెండు లక్షలు ఆగిపోయాయి. షెడ్డు కుర్రాళ్ల సోడాలకూ టీలకూ వాడు రోజూ అంతకంటే ఎక్కువే ఇచ్చేవాడు.

పెళ్లికి ముందు తీసుకున్న జీవిత బీమా పాలసీ ఒకటి ఉంది. నామినీగా అమ్మ పేరు. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, పెద్దవాళ్లయ్యారు, ఆ గడిలో పేరు మాత్రం మారలేదు. ఎనభై దాటిన అమ్మను పట్టుకుని నడిపిస్తూ తీసుకెళ్లి వేలిముద్ర వేయించాల్సి వచ్చింది. వచ్చిన డబ్బు అమ్మ ఆ సాయంత్రమే కోడలి చేతిలో పెట్టింది. అన్ని ఇళ్లలో అలా జరగదు. ఇదే గడి దగ్గర మొదలై కోర్టు దాకా వెళ్లిన అత్తాకోడళ్లను నా సర్వీసులో చూశాను.

6. ఒక్క అక్షరం తేడా వస్తే, చచ్చిపోయినవాడు ఇద్దరవుతాడు.

ఆధార్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకులో పొట్టి అక్షరం. బండి ఆర్‌సీలో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ముగ్గురూ ఒకరేనని రుజువు చేయడానికి మా మేనల్లుడొకడు ఆఫీసుల చుట్టూ ఎంత తిరిగాడో. మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలని 1969 చట్టం. అది మేం వేళకే చేయించాం, ధ్రువపత్రాలు కూడా ఎక్కువే తీసుకున్నాం. ఆ తర్వాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు వచ్చింది. అందులో అమ్మ పేరు చూసి మరదలు అయోమయంగా నా వైపు చూసింది. వీలునామా రాయకుండా హిందూ మగవాడు పోతే, 1956 వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లకూ ఎంత భాగమో తల్లికీ అంతే భాగం. కానూరు ఇంట్లో నాలుగో వంతు అమ్మది. "వాడి ఇల్లు నాకెందుకురా" అని అమ్మ ఏడ్చింది. ఆ ఏడుపుతోనే రిజిస్ట్రారు ఆఫీసుకు తీసుకెళ్లి హక్కు వదులుకున్నట్టు రాయించవలసి వచ్చింది.

తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం పెట్టి, వాళ్ల చేతా సంతకాలు చేయిస్తే వీలునామా చెల్లుతుంది. స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. యాభై ఏళ్లవాడితో ఆ మాటెత్తితే అపశకునం అంటారు మనవాళ్లు. బ్యాంకు ఖాతాకు 2025 నవంబరు నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. బ్యాంకు ఖాతాలో నామినీ అంటే సొమ్ము తీసుకుని వారసులకు అప్పగించవలసిన మనిషి, అంతే. ఈ సంగతి కౌంటర్లో కూర్చుని ఎంతోమందికి చెప్పాను. మా ఇంట్లో మాత్రం ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

7. కర్మ జరుగుతుండగా అప్పు ఒప్పుకోకండి.

పదకొండో రోజున బ్రాహ్మణులు ఇంకా లేవనే లేదు, ఒకాయన నాలుగు మడతల కాగితం తీసి నా ముందు పెట్టాడు. తమ్ముడి సంతకంతో రెండు లక్షల ప్రోనోటు, నూటికి రెండు రూపాయల వడ్డీ. బంధువులంతా చూస్తున్నారు. "మా తమ్ముడి అప్పు మా అప్పు. ఎవరికీ పైసా ఎగ్గొట్టం" అన్నాను. అన్నప్పుడు గర్వంగానే ఉంది. ఆ మాట ఆటోనగరంతా పాకింది. తర్వాత వచ్చినవాళ్లలో కొందరి దగ్గర కాగితం ఉంది, కొందరి దగ్గర లేదు. ఒక నోటులో తమ్ముడు అసలు అప్పే తీసుకోలేదు, ఇంకెవరికో హామీ సంతకం పెట్టాడు. మొదటాయన నోటును తీరిగ్గా చూస్తే మూడేళ్లు ఎప్పుడో దాటిపోయాయి, మధ్యలో చెల్లు రాసిందీ లేదు. అలాంటి నోటు మీద దావా వేసినా నిలవదు.

తండ్రి చేసిన అప్పు తీర్చడం కొడుకు ధర్మమనే పాత సూత్రాన్ని 2005 సవరణ తీసేసింది. వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. మరదలు తాను సంతకం పెట్టని నోటుకు తన కష్టార్జితంలోంచి కట్టనక్కర్లేదు. ఇదంతా తెలిసిన నేనే అందరి ముందూ అంత మాట అనేశాను. దుఃఖంలో ఉన్న ఇంటికి పరువు మీద ఎక్కడలేని మమకారం పుడుతుంది. అప్పులవాళ్లకు ఆ సంగతి తెలుసు.

చట్టం చూపించి అందర్నీ పంపేశామని అనుకోకండి. పెద్దకర్మ అయ్యాక ఒక రోజు చెప్పి, అందరినీ కాగితాలతో రమ్మన్నాం. తేదీ, సంతకం, సాక్షులు, బ్యాంకులో డబ్బు పడిన జాడ అన్నీ చూశాం. "పెద్దాయన టైర్లు, పాతది" అన్న ముక్క ఎవరిదో అప్పుడే తెలిసింది. ఆయన దగ్గర నోటు లేదు, కొట్టులో ఖాతా పుస్తకం ఉంది. అందులోని అంకె తమ్ముడి పుస్తకంతో సరిపోయింది. పత్రం లేని ఆ బాకీయే అన్నిటికంటే ముందు తీర్చాం. మూడేళ్లు దాటిన నోటాయనకు అసలు ఇచ్చి వడ్డీ ఇవ్వలేదు. అది నా నోటి దురుసుకు కట్టిన జరిమానా, నా పెన్షన్లోంచే ఇచ్చాను. తమ్ముడి మాట నిలబెట్టవలసిందే. తమ్ముడు అనని మాటను కాదు.

8. తండ్రి పోయిన కుర్రాణ్ణి ఇంటిపెద్ద అనకండి.

తలకొరివి పెట్టి వచ్చిన తమ్ముడి కొడుకును పట్టుకుని, పరామర్శకు వచ్చినవాళ్లంతా "ఇక నీదేరా భారమంతా, అమ్మనీ చెల్లినీ నువ్వే చూసుకోవాలి" అన్నారు. వాడికి ఇరవై ఏళ్లు. ఆ మాట విన్నప్పటి నుంచి ఏడవడం మానేశాడు. కాలేజీ మానేసి షెడ్డు తాళాలు తీసుకున్నాడు. నాలుగో సంవత్సరం ఫీజు గడువు దాటే దాకా ఎవరికీ చెప్పలేదు. అచ్చం వాళ్ల నాన్నలాగే. అప్పుడు భయమేసింది నాకు. తాళాలు తీసుకుని "ముందు పరీక్షలు రాసి రా, తర్వాత మాట్లాడదాం" అన్నాను. చాలాసేపు ఏమీ అనలేదు వాడు. తర్వాత "పెదనాన్నా, నాన్నకి రోజూ కాలు వాచేదని నీకు తెలుసా?" అని అడిగాడు. నాకు తెలియదు.

9. భార్యకు తెలియని వ్యాపారం భర్తతోనే ఆగిపోతుంది.

పదో రోజున గాజులు పగలగొట్టే తతంగం వద్దని అమ్మే అడ్డుపడింది. ఆ ఒక్కటీ మా ఇంట్లో మంచిగా జరిగింది. మిగతా అన్ని విషయాల్లోనూ మేం మగవాళ్లం కూర్చుని, మరదల్ని లోపలి గదిలో ఉంచి, ఆమె బతుకు గురించి మాట్లాడాం. షెడ్డు అమ్మేద్దామన్నారు. కొట్టులో సరుకు తూకానికి ఇచ్చేద్దామన్నారు. నేనూ ఊఁ అన్నాను. కాఫీ గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చిన మరదలు గుమ్మంలో ఆగి, "బావగారూ, సరుకు ఎంత ఉందో ముందు లెక్కపెట్టనివ్వండి" అంది.

కూతుర్ని కూర్చోబెట్టుకుని లెక్కపెట్టింది. క్లచ్ ప్లేట్లు, బేరింగులు, యూ బోల్టులు, బ్రేకు లైనర్లు, కింగ్ పిన్నులు. ఏది ఏ బండికి పడుతుందో షెడ్డు కుర్రాళ్లను అడిగి అట్టముక్కల మీద తెలుగులో రాసి గళ్లకు అంటించింది. ఇంజను పని తెలిసిన సీనియరు కుర్రాడికి షెడ్డును వాటాకు ఇచ్చింది. కొట్టు మాత్రం తనే చూసుకుంటోంది. మొదట్లో కొందరు ఓనర్లు ఆడమనిషి కదా అని ధర తగ్గించి అడిగారట. రెండో నెలకు మానుకున్నారట. ఇరవై రెండేళ్లు ఇంటి ఖర్చు నడిపిన మనిషికి లెక్క రాదని ఏ ధైర్యంతో అనుకున్నామో. తమ్ముడు ఆమెను ఏనాడో ఆ గల్లాపెట్టె ముందు కూర్చోబెట్టి ఉంటే, రాత్రి ఎనిమిదికల్లా ఇంటికి వచ్చేవాడేమో.

మొన్న నేను వెళ్లినప్పుడు ఒక లారీ ఓనరు కౌంటరు మీద చెయ్యి ఆనించి, హబ్ బేరింగు ఇమ్మని, డబ్బులు వచ్చే ట్రిప్పుకు ఇస్తానని అడుగుతున్నాడు. తమ్ముడి రోజుల నుంచీ బాకీ ఉన్న మనిషే. మరదలు బేరింగు పెట్టె తీసి బల్ల మీద పెట్టింది గానీ, దాని మీద నుంచి చెయ్యి తియ్యలేదు. "అన్నయ్యగారూ, పాతది నాలుగు వేల మూడొందలు. అది ఇచ్చి ఇది పట్టుకెళ్లండి" అంది. తమ్ముడి నోట ఆ మాట ఎన్నడూ రాలేదు. ఆయన గొణుక్కుంటూనే ఫోను తీసి స్కాన్ చేశాడు.